మూడో గుడ్లగూబ

పస్కా తర్వాత తొమ్మిదో రోజు

ఈ రోజు నుంచి నా సంగతులు రాసుకుంటాను. పాడైన పపైరస్ ముక్కల వెనకవైపు రాస్తే ఎవరికీ నష్టం లేదు. అక్కకు చదవడం రాదు కాబట్టి భయమూ లేదు.

వారాల పండుగకు ఇంకా నలభై ఒక్క రోజులున్నాయి. ఆ రోజు మా అలెగ్జాండ్రియాకు ఎదురుగా ఉన్న ఫారోస్ దీవి ఒడ్డున మన యూదులందరి ముందు మోషే ధర్మశాస్త్రం గ్రీకులో చదువుతారు. చదవడం అయ్యాక పెద్దలు లేచి, ఇందులో ఒక్క అక్షరం మార్చినవాడికి శాపం పెడతారట. అంటే తప్పులేమైనా చేయదలుచుకుంటే మేము ఆలోపే చేసెయ్యాలి.

తర్జుమాలో మా వాటాకు మూడో పుస్తకం వచ్చింది. మా అంటే హిల్కీయాగారిదీ నాదీ. ఆయన ఈ పనికోసం యెరూషలేము నుంచి వచ్చారు, డెబ్బై దాటాయి, మా ఇంట్లోనే దిగారు. హెబ్రీ ఆయనకు తల్లిపాలతో వచ్చింది. గ్రీకు మాత్రం, పాపం, ఉల్లిపాయలు కొనడానికి కూడా సరిపోదు. నాకు గ్రీకు మంచినీళ్ల ప్రాయం, హెబ్రీ అంతంత మాత్రం. ఇద్దరినీ కలిపితే ఒక పండితుడు తయారవుతాడు. ఆ పండితుడు భోజనానికి మాత్రం ఇద్దరి తిండి తింటాడని అక్క సణుగుడు.

ఈ రోజు పిట్టల దగ్గరికి వచ్చాం. తినకూడని పిట్టల పేర్లు ఇరవై. గద్ద, కాకి, రాబందు గబగబా అయిపోయాయి. తర్వాత పెద్దాయన గడ్డం నిమురుకుంటూ కూర్చున్నారు.

"ఈ పేరుగల పిట్టని నేను చూడలేదు నాయనా. మా తాత కూడా చూడలేదు. తినకూడదని మాత్రం తెలుసు."

"అది ఏదో తెలియకుండా ఎలా మానేశారండీ?"

"ఏముంది? అన్నీ మానేశాం. తినేది పావురం, పూరేడు, పండక్కి బాతు. అంతే."

"మా ఊళ్లో అలా కుదరదండీ. సరస్సు నిండా పిట్టలే, వీధి నిండా తినేవాళ్లే."

"అయితే బజారుకెళ్లి చూసి రా. నీ కళ్లే నా కళ్లు."

పదో రోజు

బజారుకు వెళ్లాను. మన పేటలో పిట్టల సంగతి తెలిసి అమ్మేది ఫిలూమెన ఒక్కతే. భర్త పోయి ఆరేళ్లయింది. అప్పటి నుంచి సరస్సులో, రెల్లు పొదల మధ్య వల వేసేదీ ఆమే, దుకాణంలో కూర్చునేదీ ఆమే. బాతులూ పావురాలూ ఉంటాయి కానీ ఆమె అసలు సరుకు ఊదాకోడి. ఒళ్లంతా ఊదా రంగు, ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్లు, ఒక్కో వేలూ నా చూపుడువేలంత. పండుగ రోజున ఊదాకోడి పులుసు ఉడకని ఇల్లు మన పేటలో ఉండదు.

"రాయసంగారూ, కొంటారా, ఊరికే చూస్తారా?" అంది.

"చూస్తానండీ. ధర్మశాస్త్రం పనిమీద వచ్చాను."

"ధర్మశాస్త్రం పనిమీద వచ్చినవాళ్లు కాస్త పక్కకి నిలబడండి. పులుసు పనిమీద వచ్చినవాళ్లున్నారు."

పక్కకు నిలబడ్డాను. మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. ఒక ఊదాకోడి గంపలోంచి మెడ చాచి రెల్లు కాడ లాక్కుంది. దాన్ని ఒక కాలితో పట్టుకుని, నోటి దగ్గరికి ఎత్తుకుని, రొట్టె తినే ముసలాయనలా తీరిగ్గా కొరుక్కు తింటోంది. నాకు నవ్వాగలేదు. నన్ను చూసి ఆమెకూ ఆగలేదు. పిట్టల గురించి చాలా తెలిసింది. మళ్లీ వెళ్లాలి.

పన్నెండో రోజు

మళ్లీ వెళ్లాను. పిట్టల కోసమే.

పదమూడో రోజు

పని పరిగెడుతోంది. పెద్దాయన హెబ్రీ మాటకు అర్థం చెబుతారు, నేను అది మోసుకుని బజారుకు పోతాను, ఆమె పిట్ట పేరు చెబుతుంది. ఈ రోజు ఒక పేరుకు 'దయగలది' అని అర్థం చెప్పారు.

"దయగల పిట్టా? కొంగే అయ్యుంటుంది," అంది ఫిలూమెన. "ముసలి తల్లిదండ్రులకి తిండి తెచ్చి నోట్లో పెడుతుందంటారు."

"అంత మంచిదాన్ని తినొద్దన్నాడేమిటండీ దేవుడు?"

"చెప్పకపోతే ముందు దాన్నే తింటారు కనక. దయగలవాళ్లనే కదండీ లోకం తినేది."

ఈ మాట హిల్కీయాగారికి చెప్పాను. "ఆ అమ్మాయిని యెరూషలేములో పుట్టించాల్సింది," అన్నారు. నాకెందుకో నన్ను మెచ్చుకున్నట్టు అనిపించింది.

పదిహేనో రోజు

అక్క అంది: "ఒరేయ్ సబ్బతాయ్, నీకు నలభై ఆరేళ్లు. ఇన్నేళ్లలో నువ్వు గడ్డానికి నూనె రాయడం ఇదే చూడ్డం."

దీవి మీద మేము పని చేసే గదుల పక్కనే దీపస్తంభం కడుతున్నారు, రాళ్ల దుమ్ము అంతా గడ్డంలోకి వస్తోంది అని చెప్పాను. అది నిజం కూడా. దుమ్ము చాలా వస్తోంది.

పదిహేడో రోజు

పదహారు పిట్టలు అయ్యాయి. గుడ్లగూబలు రెండొచ్చాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పదిహేడో పేరు దగ్గర బండి ఆగింది. తిన్షెమెత్.

"దీని మూలంలో ఊపిరి ఉంది నాయనా. ఊపిరి గట్టిగా వదిలేది. బుసబుసమనేది."

"ఊపిరి తీయని పిట్ట ఉంటుందా అండీ?"

"అదే కదా నా బాధ. పైగా కింద, పాకే జంతువుల్లో, మళ్లీ ఇదే పేరు వస్తుంది. మోషే ఒకే పేరు పిట్టకీ ఎలుకకీ పెట్టి మనల్ని ఏడిపిస్తున్నాడు."

"ఫిలూమెననడుగుతాను," అన్నాను. ఆయన కళ్లు చిన్నవి చేసి నా వంక చూశారు. ముసలాళ్లకు ఎండ పడదు.

పంతొమ్మిదో రోజు

అడగకపోయినా బాగుండేది.

పావురాల రెక్కలు కట్టేస్తూ ఉంది. మామూలుగా అడిగేశాను. "బుసబుసమని ఊపిరి వదిలే పిట్ట ఏదైనా ఉందా అండీ?"

తలెత్తకుండానే చెప్పింది. "నా ఊదాకోడే. పొద్దున్నే రెల్లులోకి పడవ తోసుకుని వెళ్తే వినాలి మీరు. ఎవరో లావుపాటాయన మెట్లెక్కి ఆయాసపడుతున్నట్టుంటుంది. మొదట్లో మా ఆయన మళ్లీ వచ్చాడనుకున్నాను." నవ్వింది. "ఎందుకడిగారు?"

"ఊరికే," అన్నాను.

నా నలభై ఆరేళ్ల జీవితంలో ఇంత చెత్తగా 'ఊరికే' అన్న గుర్తు లేదు.

ఇరవయ్యో రోజు

రాతలో పెట్టి చూసుకుంటే మనసు తేలికపడుతుందంటారు. పెడతాను.

ఆ పదిహేడో పేరు దగ్గర ఊదాకోడి అని రాస్తే, వారాల పండుగ రోజు అది అందరి ముందూ చదువుతారు. ఇంతకాలం హెబ్రీలో చదివినప్పుడు మనవాళ్లు తలలూపి ఇంటికొచ్చి పులుసు తాగేవారు. ఇప్పుడు గ్రీకులో విని అర్థం చేసుకుంటారు. మర్నాటి నుంచి ఫిలూమెన దుకాణం ముందు ఈగ కూడా వాలదు. ఆమె తల్లి ఆ పిట్టే అమ్మింది, ఆమె ఆ పిట్టే అమ్ముతోంది. బాతులూ పావురాలూ ప్రతివాడూ అమ్ముతాడు. ఊదాకోడి వల ఆమెకు తప్ప ఎవరికీ చేతకాదు. నేను ఒక్క మాట రాస్తే ఆమె బతుకు పోతుంది.

రాయకపోతే ఏమవుతుంది? ఏమీ అవ్వదు. ఎవరికీ తెలియదు. హిల్కీయాగారికి కూడా తెలియదు, ఆయన కళ్లు నేనే కదా.

తేలికపడలేదు.

అయినా ఊపిరి ఒక్కటీ సాక్ష్యమా? అక్క కూడా నిద్రలో బుసకొడుతుంది. అక్కను జాబితాలో రాస్తామా?

ఇరవై రెండో రోజు

భోజనాల దగ్గర హిల్కీయాగారు ఉన్నట్టుండి అన్నారు: "మా ఊళ్లో పెద్దలు ఒక గుర్తు చెప్పేవారు నాయనా. పేరు తెలియకపోతే పిట్ట తినే తీరు చూడమనేవారు. తిండిని కాలితో పట్టుకుని తినేది మనం తినదగ్గది కాదు."

నాకు పొలమారింది. అక్క వీపు చరిచింది. మా ఇంట్లో ఈ రోజు కూర ఊదాకోడి పులుసే. పెద్దాయన మెడ ముక్క చీకుతూ, "ఈ నీటికోడి ఎంత మెత్తగా ఉందమ్మా షెలోమీతూ," అని అక్కను మెచ్చుకున్నారు. ఆయన దాన్ని బాతు చుట్టం అనుకుంటున్నారు. వారానికి రెండుసార్లు తింటున్నారు.

ఇరవై మూడో రోజు

పదో రోజున నేను ఇక్కడ రాసిన సంగతి ఒకటుంది. కాలూ, రెల్లు కాడా. అది సరిగ్గా చూసి రాసింది కాదు. దుకాణం దగ్గర రద్దీగా ఉంది, ఎండ కళ్లలో పడుతోంది. పిట్ట బహుశా కాలు చాచి ఒళ్లు విరుచుకుని ఉంటుంది. కాడ పక్కన ఉండి ఉంటుంది.

ఇరవై నాలుగో రోజు

గుడ్లగూబ కూడా ఊపిరి గట్టిగానే వదులుతుంది. నిన్న ఇది నాకు తోచాక ప్రాణం లేచొచ్చింది.

ఇరవై ఆరో రోజు

గుడ్లగూబే.

ఇరవై ఏడో రోజు

గుడ్లగూబే. ఇంకేముంటుంది?

ఇరవై తొమ్మిదో రోజు

చెప్పేశాను. హిల్కీయాగారు పేర్లన్నీ వేళ్లమీద మళ్లీ లెక్కపెట్టుకున్నారు.

"గుడ్లగూబలు రెండు వచ్చేశాయి కదా నాయనా."

"ఇది మూడోదండీ. మధ్యరకం."

"మూడు గుడ్లగూబలా! మోషేకి గుడ్లగూబలంటే అంత పిచ్చా?"

"ఎడారిలో ఎక్కువ ఉంటాయి కదండీ," అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. అబద్ధం ఒకటి మొదలుపెడితే మిగతావి వాటంతటవే వస్తాయి, పిలవక్కర్లేదు.

ఆయన వేళ్లు ముడుచుకున్నారు. తర్వాత నా భుజం తట్టి, "నీ కళ్లే నా కళ్లు," అన్నారు. ఇంకేమైనా అని ఉంటే బాగుండేది.

ముప్ఫై నాలుగో రోజు

ఈ రోజు గురించి వివరంగా రాయాలి.

తెల్లవారగానే ఫిలూమెన పడవలో సరస్సు మీదికి వెళ్లాను. మిగిలిన మూడు పిట్టల పని ఉందని చెప్పాను. ఆ మూడూ ఎప్పుడో అయిపోయాయి. ఆమెకు తెలుసని నాకు తెలుసు. అయినా "ఎక్కండి" అంది.

రెల్లు నా తలకంటే రెండింతలు ఎత్తు. లోపలికి వెళ్లాక ఊరు చప్పుడే లేదు. ఆమె కట్టుబట్ట మోకాళ్లపైకి దోపుకుని వల విప్పింది, నేను సాయం చేయబోయి చిక్కుముడి వేశాను, నా కాలే వలలో ఇరుక్కుంది.

"అరవై కోళ్లు అడిగారు పండక్కి," అంది. "ఇంత పెద్ద పిట్ట మొదటిసారి పడింది. దీన్నేం చేయమంటారు?"

"జాబితాలో ఉందేమో చూడండి," అన్నాను.

ఆమె నవ్వితే పడవ ఊగింది. నేనూ నవ్వాను, పడవ ఇంకా ఊగింది, సగందాకా నీళ్లు లోపలికొచ్చాయి. ఇద్దరం గిన్నెలతో నీళ్లు తోడుకుంటూ ఒడ్డుకొచ్చాం. ఎండు చేప, రొట్టె, ఉల్లిపాయ పంచుకుని తిన్నాం. నా బట్టలు ఆరే లోపల ఆమె తల్లి గురించి, నా చదువు గురించి, ప్రపంచంలో ఉన్న సంగతులన్నిటి గురించీ మాట్లాడుకున్నాం.

ఇంత సంతోషం నాకు రాసిపెట్టి ఉందని నేననుకోలేదు. గుడ్లగూబ అని రాయడం సరైన పనే. దేవుడికి కూడా ఫిలూమెన మీద కోపం ఉండదు.

నలభయ్యో రోజు

మంచి ప్రతి రాయడం మొదలైంది. ఈ రోజు పిట్టల దగ్గరికి వచ్చాను. మూడో గుడ్లగూబను నా జీవితంలో ఎప్పుడూ రాయనంత అందంగా రాశాను. చుట్టూ చూసినవాళ్లు మెచ్చుకున్నారు.

నలభై నాలుగో రోజు

భోజనాల దగ్గర హిల్కీయాగారు హుషారుగా ఉన్నారు. అక్కకు జాబితా కథంతా చెప్పారు, తన వచ్చీరాని గ్రీకులో, చేతులు ఊపుకుంటూ.

"మూడు గుడ్లగూబలమ్మా! మీ తమ్ముడు పట్టుకొచ్చాడు. ఒకటి, రెండు, మూడు!"

"ఆ మూడోది ఏమంటుందండీ?" అంది అక్క.

"బుస్, బుస్," అని ఆయన బుగ్గలు పొంగించారు.

అక్క గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది. అక్క పుట్టింది సరస్సు ఒడ్డున, నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. నన్ను చూసింది, కుండలో పులుసు చూసింది, మళ్లీ నన్ను చూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను తల వంచుకుని రొట్టె తుంచుకున్నాను.  అక్క ఏమీ అనకపోతే అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు.

నలభై ఆరో రోజు

అక్క వెళ్లి ఫిలూమెనకు అంతా, పెద్దాయన చెప్పిన కాలి గుర్తుతో సహా, చెప్పేసింది! మంచే చేస్తున్నాననుకుంది. "మా వాడు నీ కోడి కోసం మోషేకి గుడ్లగూబని అంటగట్టాడే పిల్లా, ఇంక పెళ్లి మాట ఎత్తడమే తరువాయి," అందట. అక్కే సంబరంగా నాతో చెప్పింది.

పరిగెత్తాను. ఫిలూమెన నన్ను చూసి గంపల మీద చాపలు కప్పేసింది.

"ఏమండీ," అన్నాను.

"ఈ రోజు చూసే బేరాలు లేవండీ," అంది.

నలభై ఏడో రోజు

మళ్లీ వెళ్తే ఫిలూమెన మొహం తిప్పుకుంది. పాడు ఎండ, కళ్లలో నీళ్లు తెప్పిస్తోంది.

నలభై ఎనిమిదో రోజు

రాత వంకరగా వస్తే రానీ. పొద్దుకూకితే విశ్రాంతి దినం, కలం ముట్టకూడదు. ఆ మర్నాడే పండుగ. అందుకే ఇప్పుడే గబగబా రాస్తున్నాను.

మధ్యాహ్నం దీవి మీద మా గదిలో ఆఖరి సరిచూపు జరుగుతోంది. హిల్కీయాగారు హెబ్రీ గ్రంథపు చుట్ట చదువుతున్నారు, నేను గ్రీకు చుట్ట చూస్తున్నాను. తలుపు తోసుకుని ఫిలూమెన వచ్చింది. సముద్రంలో వేసిన కట్ట మీదుగా దీవి దాకా నడిచి వచ్చినట్టుంది, చెమటలు కారుతున్నాయి. నెత్తిన గంప. గంపను తెచ్చి మా బల్లమీద, సరిగ్గా మూడో పుస్తకం పక్కన పెట్టింది.  ఊదాకోడిని తీసి నేలమీద వదిలింది, దాని ముందు ఒక రెల్లు కాడ పడేసింది.

పిట్ట మమ్మల్ని ముగ్గురినీ చూసింది. కాడను కాలితో పట్టుకుంది. ఎత్తుకుంది. కొరికింది. అంతటితో ఆగిందా? బుస్సుమని ఊపిరి వదిలింది కూడా. నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది.

హిల్కీయాగారు కుర్చీలోంచి లేచి, మోకాళ్లమీద కూర్చుని, దాన్ని పరిశీలనగా చూశారు. చాలాసేపు.

"నేను తింటున్నది ఇదేనా?"

"ఇదేనండీ," అన్నాను.

"వచ్చినప్పటి నుంచి?"

"వారానికి రెండుసార్లండీ."

ఆయన మొహం ఎర్రబడింది. ఏదో అవుతుందని భయపడి నీళ్లు అందుకున్నాను. ఆయనకు ఏమీ కాలేదు, నవ్వుతున్నారు. గోడ పట్టుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వారు. "డెబ్బై ఏళ్లు తెలియని పిట్టేదీ ముట్టకుండా నెట్టుకొచ్చానురా! అలెగ్జాండ్రియా వచ్చి, ధర్మశాస్త్రం బల్లమీద పెట్టుకుని, దాని పక్కనే దీని మెడ చీకాను! తినొద్దని ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది. ఇంత రుచిగా ఉంటే ఎవడు పని చేస్తాడు?"

ఫిలూమెన నవ్వలేదు. నావైపు తిరిగింది.

"కాపాడానని అనుకున్నారు కదూ? మా అమ్మా, నేనూ, ఈ పేటంతా తెలియక తిన్నాం, తెలియక అమ్మాం. తెలియనిదానికి దేవుడేమీ అనడు. రేపట్నుంచి నేనెలా అమ్మాలండీ? ప్రతి పిల్లా పుస్తకంలో గుడ్లగూబ అని చదువుకుంటుంది, నేను మాత్రం గంపలో ఏముందో తెలిసి ఇస్తానా? నా బతుకు గురించి మీరే తేల్చేశారు. నన్నొక్క మాట అడిగారా?"

"అడిగితే పోతుందని భయమేసింది," అన్నాను.

"ఏం పోతుందని? దుకాణమా?"

"మీరు."

పిట్ట కాడ కొరుకుతూనే ఉంది. హిల్కీయాగారు కిటికీ వైపు తిరిగిపోయి సముద్రం చూడటం మొదలుపెట్టారు. నిజానికి ఆ కిటికీలోంచి రాళ్లు మోసే గాడిదలే కనిపిస్తాయి.

"పెద్దాయనా," అన్నాను, "నేను మీకు అబద్ధం చెప్పాను."

"తెలుసు నాయనా. మధ్యరకం గుడ్లగూబ అన్నప్పుడే తెలుసు. నువ్వే చెబుతావని చూస్తున్నాను." ఇటు తిరిగారు. "నిజం చెప్పాలంటే తిన్షెమెత్ ఏదో నాకూ ఖచ్చితంగా తెలియదు. మోషే వచ్చి చెబితే తప్ప ఎవరికీ తెలియదు. ఊదాకోడి అని రాసి పొరబడితే అది తప్పు. తప్పులు దేవుడు చాలా చూశాడు. ఆ ఊపిరి విని, ఆ కాలు చూసి గుడ్లగూబ అని రాస్తే అది తప్పు కాదు, అబద్ధం. స్పాంజి తడుపు. పొద్దు వాలుతోంది."

తడిపాను. నా జీవితంలోకెల్లా అందమైన అక్షరాలను తుడిచేశాను. మసి ఇంకు సులువుగానే పోయింది. తడి ఆరేదాకా ముగ్గురం వంగి ఊదుతూ కూర్చున్నాం, అప్పుడు పిట్టతో కలిపి నలుగురం బుసకొడుతున్నాం. ఆరాక రాశాను: ఊదాకోడి. అక్షరాలు కాస్త ఇరుగ్గా వచ్చాయి, గుడ్లగూబ చోటు దీనికి సరిపోలేదు.

ఫిలూమెనకు చదవడం రాదు. ఆ మాట మీద వేలు పెట్టి, "ఇదేనా?" అంది.

"ఇదే."

"ఇంత చిన్నగా ఉందేం," అంది. వేలు తీసి పైబట్ట కొసతో కళ్లు తుడుచుకుంది.

ఇద్దరం కట్టమీద ఊరివైపు నడిచాం. గంప నేను మోశాను. అరవై కోళ్లు అడిగినవాళ్లకు కోళ్లు లేవని పొద్దున్నే చెప్పేసిందట, తిట్లు కూడా తినేసిందట. దుకాణంలో ఉన్నవాటిని సరస్సులో వదిలేసిందట. ఈ ఒక్కదాన్నీ సాక్ష్యానికి ఉంచుకుందట. సరస్సు దగ్గర దాన్నీ వదిలాం. అది మావైపు చూడకుండా రెల్లులోకి నడిచిపోయింది.

"ఇప్పుడేం చేస్తారండీ?" అన్నాను.

"పూరేళ్లు లేవూ? మన పూర్వీకులకి ఎడారిలో ఆకాశంలోంచి పడ్డాయంట. నాకు వలలో పడవా?" అంది. తర్వాత కాసేపాగి, "పూరేళ్ల వల వేరు. సన్నగా అల్లాలి. ఇద్దరుండాలి," అంది.

"నాకు ముడి వేయడం రాదని మీరు చూశారు కదా."

"విప్పడమే రాదు. వేయడం బాగానే వచ్చు," అంది.

అక్క దీపం వెలిగించడానికి లేస్తోంది. ఆపుతున్నాను.

పండుగ మర్నాడు

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు, చదివిన వరసలోనే రాస్తాను.

ఒడ్డంతా జనం. గుడారాలు, చాపలు, ఎండ, గాలి. ముసలాళ్లను కుర్చీల్లో మోసుకొచ్చారు. ఊదాకోడి పులుసు లేదని సగంమంది మొహాలు మాడ్చుకున్నారు, చేపల పులుసు చూసి మళ్లీ విప్పార్చుకున్నారు. పెద్దలు చుట్టలు విప్పారు. మొదటి మాట గ్రీకులో వినబడగానే మా అక్క షెలోమీతు నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. దేవుడు వెలుగు కమ్మంటే వెలుగయిందని విన్నప్పుడు నా చేయి గిల్లింది.

"ఒరేయ్," అంది, "ఇన్నాళ్లూ చెబుతున్నది ఇదా! ఏభై అయిదేళ్లు అర్థంకాకుండా తలూపానురా." ఏడ్చింది. పక్కనున్నావిడ ఏడ్చింది. ఎవరో నవ్వడం మొదలుపెట్టారు. ఒడ్డంతా ఏడుపూ నవ్వూ కలిసి సంతలా అయింది.

మూడో పుస్తకం దగ్గర హిల్కీయాగారు నన్ను ముందుకు తోశారు. "నా గ్రీకుతో చదివితే జనం పారిపోతారు, నువ్వే చదువు," అన్నారు. చదివాను. బలులు చదివాను, నూనె చదివాను, పిండి చదివాను. పిట్టల దగ్గరికి వచ్చాను. గద్ద. కాకి. కొంగ. గుడ్లగూబలు రెండు. ఆ తర్వాత మాటను నోట్లోనే గొణిగాను. ఎవరికీ వినబడి ఉండదనుకున్నాను.

ముందు వరసలోవాళ్లు విన్నారు. ఒక్కొక్క తలా వెనక్కి తిరగడం మొదలైంది. నీళ్ల ఒడ్డున, తడి ఇసుకలో, ఫిలూమెన నిలబడి ఉంది. వాళ్లంతా ఆమె వంకే చూస్తున్నారు. ఆమె గడ్డం ఎత్తి, నడుంమీద చేతులు పెట్టుకుని, బజారులో బేరగాళ్లను పిలిచే గొంతుతో అరిచింది.

"ఏమయ్యా! గట్టిగా చదువు! వెనకాల వినబడలేదు!"

గట్టిగా చదివాను.